కరెంటు మేళం

"ఇంకా మొదలవలేదా?" అన్నాడు మా అన్నయ్య.

మొదలై చాలాసేపయింది. ఇబ్రహీంపట్నంలో వాళ్ల వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నేను బీసెంట్ రోడ్డులో కొని తెచ్చిన పెద్ద హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకేసి అదుముకుని, నా మొహంలోకి చూస్తున్నాడు. ఫోను తెర మీద గీత సగం దాటిపోయింది. మేము ముగ్గురం నలభై ఏళ్ల కిందట చేసిన మొట్టమొదటి రికార్డు అది. బెంగళూరులో ఒక చిన్న కంపెనీవాళ్లు మా పాత క్యాసెట్లన్నీ ఏరి, బాగుచేసి, ఒక ఎల్పీగా వేస్తున్నారు. దాని మచ్చు నాకు ఆ ఉదయమే పంపారు. టిఫిన్ కూడా చెయ్యకుండా బస్సెక్కి వచ్చేశాను.

"మోగుతోందన్నయ్యా!" అని అరిచాను.

"ఆఁ?"

"మోగుతోందీ!"

హెడ్‌ఫోన్లు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. వైరు కొసన పిన్ను తీసి, ఊది, మళ్లీ గుచ్చాడు. మళ్లీ పెట్టుకున్నాడు. కాసేపు కళ్లు మూసుకుని ప్రయత్నించాడు. చివరికి నన్ను నొప్పించకూడదనేమో, చిన్నగా నవ్వి, "బావుందే" అన్నాడు.

నాకు కోపం తొందరగా వస్తుంది, ఏడుపు ఓ పట్టాన రాదు. ఆడపిల్లకి అది తిరగబడి ఉండాలే అని మా అమ్మ బతికినన్నాళ్లూ దిగులుపడింది. ఆ నవ్వు చూశాక మాత్రం రెండూ ఒకేసారి వచ్చాయి. రెండూ మింగి, వదిన ఇచ్చిన కాఫీ గటగటా తాగి, పనుందని చెప్పి లేచాను. పనేమీ లేదు. అక్కడ కూర్చోలేకపోయాను, అంతే.

అన్నయ్యకి వినపడదని నాకు కొత్తగా తెలిసిన సంగతేమీ కాదు. థర్మల్ కరెంటు స్టేషన్‌లో ఉద్యోగం చేసినన్నాళ్లూ టర్బైన్ల దగ్గర తిరిగినవాడు. చెవులకి పెట్టుకోమని వాళ్లు మఫ్‌లు ఇచ్చేవారు. ఈయన వాటిని దండలా మెళ్లో వేసుకుని తిరిగేవాడు. మెషిను ఏమంటోందో వినకుండా మెషిను ఎలా చూస్తానే అనేవాడు. మెషిన్ల మాట వినీ వినీ ఇప్పుడు మనుషుల మాట వినలేకుండా అయ్యాడు. వినికిడి మిషను పెట్టుకోమని కొనిస్తే చెవిలో ఈలలేస్తోందని దాన్ని డ్రాయరులో పడేశాడు. వాళ్లింట్లో ఏం కూర వండారో వీధి చివరిదాకా తెలుస్తుంది, వదిన అంత గట్టిగా చెప్పాలి మరి.

కిందటి నెల చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన కాగితం మీద ఒక గీత చూపించాడు. ఎడమవైపు కాస్త ఎత్తుగా ఉండి, కుడివైపుకి వచ్చేసరికి గుట్ట దిగినట్టు జారిపోయింది. "సన్నటి శబ్దాలన్నీ పోయాయమ్మా. లావు శబ్దాలు, అంటే బొంగురువి, ఉరుములాంటివి, ఇంకా కొంచెం వింటున్నారు. ఇది కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేం" అన్నాడు. అన్నయ్య నన్ను చూసి, "ఏమన్నాడే?" అన్నాడు. "బానే ఉందన్నాడు" అన్నాను.

అప్పట్నుంచీ నాకు ఒకటే యావ. ఆ కాస్త చెవీ పోయేలోగా మా పాటలు అన్నయ్యకి వినిపించాలి. రికార్డు ఎవరు కొంటారు, ఎవరు మెచ్చుకుంటారు, పేపర్లో వేస్తారా లేదా, ఇవేవీ నాకు పట్టలేదు. అన్నయ్య ఒక్కసారి వింటే చాలు. క్యాసెట్లు బెంగళూరు వెళ్లిన దగ్గర్నుంచీ కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతూనే ఉన్నాను. మా ఆయన, "ఆ గోడకీ ఈ గోడకీ నడిస్తే వాళ్లు తొందరగా పంపిస్తారా?" అని వేళాకోళం చేసేవాడు.

ఆ పాటలేమిటో, వాటికోసం నాకింత ఆత్రం ఏమిటో చెప్పాలంటే మా మేళం గురించి చెప్పాలి.

అప్పట్లో నేను బెజవాడ టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఆపరేటర్ని. అన్నయ్య థర్మల్‌లో, మీటర్లూ గేజీలూ చూసే సెక్షన్లో ఉండేవాడు. మూడో మనిషి అన్నయ్య స్నేహితుడు, వన్ టౌన్‌లో రేడియోలు బాగుచేసే భాయ్. నేను ఆయన్ని ఇప్పటికీ భాయ్ అనే పిలుస్తాను. నాకు మనవలు పుట్టినా ఆయన నన్ను ఇప్పటికీ 'అమ్మాయ్' అనే అంటాడు.

పిచ్చి ముందు ఎవరికి పట్టిందో చెప్పలేను. అన్నయ్య ఏవేవో సర్క్యూట్లు గీసేవాడు. భాయ్ కొట్లో మిగిలిన పాత సామానుతో వాటిని బిస్కెట్ డబ్బాల్లో బిగించేవాడు. డబ్బాకి ఉన్న నాబ్ తిప్పితే అది కూసేది, మూలిగేది, ఒక్కోసారి గేదె ఈనుతున్నట్టు అరిచేది. భాయ్ రెండు టేప్ రికార్డర్లు పక్కపక్కనే పెట్టి, ఒకే టేపుని రెండింటి మధ్యా పారించేవాడు. అప్పుడు ఇక్కడ చిటికేస్తే కొండపల్లి ఖిల్లా మీద వేసినట్టు మోగేది.

నా వాటాకి వచ్చినవి రెండు రేడియోలు. ఒక రేడియో పక్కన ఇంకో రేడియో పెట్టి ముల్లు తిప్పుతూ పోతే ఒకచోట కీచుమని కూత పుడుతుంది. ఆ కాలంవాళ్లందరూ వినే ఉంటారు, విని విసుక్కునే ఉంటారు. ముల్లు వెంట్రుకవాసి ఇటు జరిపితే కూత పైకి పోతుంది, అటు జరిపితే కిందికి దిగుతుంది. చెయ్యి కుదిరితే దాంతో రాగం తియ్యొచ్చు. నాకు కుదిరింది. రోజంతా చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని "నంబర్ ప్లీజ్" అనేదాన్ని, నాకు ఆ కూత కంటే గొప్ప సుఖం ఇంకోటి ఉండేది కాదు. ఇవాళ మా గురించి మాట్లాడే కుర్రకారు మమ్మల్ని కాలానికి ముందున్నారని అంటున్నారు. మేము ఏ కాలానికీ ముందు లేము బాబూ, ఆదివారం పొద్దున్న ఇబ్రహీంపట్నం బస్సు వెనకాల డబ్బాల సంచులతో పరిగెత్తేవాళ్లం.

బస్సెందుకంటే, బెజవాడలో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. అన్నయ్య ఉండే కాలనీ క్వార్టర్లో మాత్రం పోయేది కాదు. అందుకే మా రికార్డింగులన్నీ అక్కడే చేశాం. కాకపోతే అక్కడ ఒక బాధ ఉండేది. గురగుర. ఏ డబ్బా తగిలించినా, ఏ వైరు కలిపినా, కింద బొంగురుగా కరెంటు గురగుర వచ్చి టేపులో పడేది. పాత రేడియో పెట్టగానే పాట కంటే ముందు ఒక గుర్రుమనే మోత వస్తుంది చూడండి, అదే. భాయ్ దాన్ని చంపడానికి ఎన్ని తంటాలు పడ్డాడో చెప్పలేను. కండెన్సర్లు మార్చాడు, వైర్లకి రేకు చుట్టాడు, చివరికి కిటికీ ఊచకి ఎర్త్ కట్టాడు. అది పోలేదు.

ఒక ఆదివారం అన్నయ్య మంచం మీద పడుకుని వింటూ వింటూ లేచి కూర్చుని, "ఒరేయ్, పోనిదాన్ని పొమ్మంటావెందుకురా? దాన్నే శ్రుతిపెట్టె అనుకో" అన్నాడు.

అంతే, ఆరోజు నుంచి మా పద్ధతి మారిపోయింది. ముందు ఏదీ వాయించకుండా గురగుర ఒక్కదాన్నే విడిచిపెట్టేవాళ్లం. ముగ్గురం నోరు మూసుకుని వినేవాళ్లం. దాని మీద అన్నయ్య డబ్బాలు సరిచేసుకునేవాడు, దాని మీద నేను కూత నిలబెట్టుకునేదాన్ని. సాయంత్రం అయ్యేసరికి ఊళ్లన్నీ లైట్లు వేసేవి. లోడు పడితే కరెంటు కాస్త నెమ్మదించేది, దాంతో మా శ్రుతి కూడా రవ్వంత కిందికి జారేది. మేమూ దాంతో పాటే జారేవాళ్లం. అన్నయ్యకి అదంటే ప్రాణం. టేపు వింటూ, "ఇదిగో, లైట్లు వేశారు" అనేవాడు. ఎండాకాలం రికార్డుకీ వానాకాలం రికార్డుకీ తేడా చెప్పేవాడు. ఎండల్లో బోర్ల మోటార్లు ఎక్కువ ఆడతాయి కదా, శ్రుతి ఇంకా కిందికి ఉండేదట.

భాయ్‌కి మాత్రం ఇదంతా నచ్చలేదు. నచ్చలేదని పైకి అనేవాడు కాదు. స్నేహితుడు కదా, ఊరుకునేవాడు.

మా మేళం బయట వాయించింది ఒకే ఒక్కసారి. మంగళగిరిలో భాయ్‌కి తెలిసిన, చీరలు నేయించే మాస్టరుగారి ఇంట పెళ్లి. మేమేం చేస్తామో ఆయనకి తెలియదు. "ఏదో కరెంటుతో వాయిస్తారంట, పిలుద్దాం" అనుకున్నాడు, పాపం. మొదలుపెట్టాం. నలుగురు పిల్లలు ముందుకొచ్చి నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు. బానే సాగుతోందనుకుంటుండగా కరెంటు పోయింది. పందిరి వెనక జనరేటరు లేపారు. ఇంకేముంది! జనరేటరు గురగుర వేరు కదా. అది ఒకసారి పైకి లేస్తుంది, వంటవాళ్లు గ్రైండరు వెయ్యగానే ధబ్బున కిందికి పడుతుంది. శ్రుతి పందిరంతా పరిగెడుతోంది, మేము దాని వెనకాల పడి పరిగెడుతున్నాం. అన్నయ్యకి నవ్వొచ్చేసింది. నాకు చెమటలు పట్టేశాయి. అప్పుడు పెళ్లికూతురి మేనమామ లేచి, చాలా మర్యాదగా, "ఏవండీ, రేడియో చెడిపోయిందాండీ? మా ఊళ్లో మంచి మెకానిక్ ఉన్నాడండీ, పిలిపించమంటారా?" అని అడిగాడు.

పందిరి పందిరంతా నవ్వింది. మా మేళానికి కరెంటు మేళమని పేరు పెట్టింది ఆ పెళ్లివాళ్లే. అన్నయ్యా నేనూ కూడా నవ్వేశాం. భాయ్ నవ్వలేదు. తిరుగు బస్సులో కృష్ణ దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నేను అప్పుడు పట్టించుకోలేదు.

తర్వాత నాకు పెళ్లయింది, బందరుకి బదిలీ అయింది. అన్నయ్యకి షిఫ్టులు పెరిగాయి. మేళం ఆగిపోయింది. ఎవరూ ఆపుదామనలేదు, దానంతటదే ఆగింది. క్యాసెట్లు భాయ్ దగ్గర ఉండిపోయాయి. భాయ్ కొట్టు మూసేసి సింగ్‌నగర్‌కి మారాడు. మొన్న బుడమేరు పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు అందరూ బంగారం, ఆధార్ కార్డులు నెత్తిన పెట్టుకుని మేడలెక్కితే, ఈయన బియ్యం సంచిలో క్యాసెట్లు పెట్టుకుని ఎక్కాడట. నీళ్లు తీశాక వాళ్ల మనవరాలు ఆ క్యాసెట్లు డాబా మీద ఆరబెట్టి ఫోటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టింది. బెంగళూరు కంపెనీవాళ్లు అది చూసి వెతుక్కుంటూ వచ్చారు. రికార్డులు బాగుచేసే అబ్బాయి ఒకడు స్వయంగా వచ్చి, ముగ్గురి చేతా సంతకాలు పెట్టించుకుని, బూజు పట్టిన క్యాసెట్లని పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పట్టుకెళ్లాడు. తెలుగువాడే, ముప్పై ఏళ్లుంటాయి, మాటకి ముందు ఒకసారీ వెనక ఒకసారీ మేడమ్ అంటాడు.

అన్నయ్య ఇంట్లోంచి బయటపడి బస్సెక్కి కూర్చున్నాక, హెడ్‌ఫోన్లు నేను పెట్టుకుని మళ్లీ విన్నాను. పొద్దున్న సరిగ్గా వినలేదు. నా కూత వచ్చిందా లేదా అని మాత్రమే చూసుకున్నాను, మనిషి బుద్ధి అంతే కదా. ఇప్పుడు వింటే ఒళ్లు మండింది. గురగుర లేదు. తీసేశారు. గుడ్డతో తుడిచేసినట్టు శుభ్రంగా ఉంది. కింద ఏమీ లేకపోయేసరికి అన్నయ్య డబ్బాలూ నా కూతలూ ఎక్కడో గాల్లో తేలుతున్నాయి. సాయంత్రం శ్రుతి జారేచోట, అదీ సరిచేసి నిటారుగా నిలబెట్టారు. వినాయకుణ్ణి చెయ్యబోయి కోతిని చెయ్యడం అంటే ఇదే. అన్నయ్య చెవిలో మిగిలింది లావు శబ్దాలు వినే ముక్క ఒక్కటే, వీళ్లు తీసేసింది సరిగ్గా ఆ శబ్దాలే.

గొల్లపూడి దాటకముందే ఆ అబ్బాయికి ఫోన్ చేశాను.

"మేడమ్, చెప్పండి మేడమ్! విన్నారా మేడమ్?"

"విన్నాను. అందులో శ్రుతేది?"

"శ్రుతా? ఓ, ఆ కరెంటు హమ్మా మేడమ్? టోటల్‌గా తీసేశాను మేడమ్. చాలా కష్టమైంది. మూడు వారాలు కూర్చున్నాను."

"ఎవడు తీయమన్నాడు నిన్ను?"

బస్సులో ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. చూస్తే చూసింది. నేను ఆ అబ్బాయిని అనరాని మాటలు అనలేదు గానీ, అనగలిగినవన్నీ అన్నాను. ఉప్పు లేని పప్పు చేశావన్నాను. వాడు పాపం ఎదురు చెప్పకుండా విని, "మేడమ్, వినేవాళ్లకి అది నాయిస్‌లానే ఉంటుంది మేడమ్" అన్నాడు.

"చెవిటివాడి ముందు..." అని మొదలుపెట్టి, నాలుక కరుచుకున్నాను. ఆ సామెత జీవితంలో ఎన్నిసార్లు వాడి ఉంటానో. ఇకమీదట నా నోట రాదు.

నేను ఆగేసరికి వాడు నెమ్మదిగా, "ఫస్ట్ నేను ఉంచుదామనే అనుకున్నాను మేడమ్. రేడియో సార్ ఫోన్ చేసి తీసెయ్యమన్నారు. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు చేశారు. మీ ముగ్గురి మాట అనుకున్నాను. శుక్రవారం ఫైల్ ఫ్యాక్టరీకి వెళ్లిపోతుంది. మార్చాలంటే సార్ కూడా ఓకే అనాలి మేడమ్, అగ్రిమెంట్ అలా ఉంది" అన్నాడు.

రేడియో సార్ అంటే భాయ్.

ఇంటికి వెళ్లలేదు. బస్టాండులో దిగి, ఆటో ఎక్కి నేరుగా సింగ్‌నగర్ పోయాను. దారంతా భాయ్‌తో మనసులోనే పోట్లాడాను. అన్నీ నేనే గెలిచాను.

భాయ్ మేడ మీద గదిలో, బనీనుతో, భూతద్దం కంటికి పెట్టుకుని ఎవరిదో పాత రేడియో విప్పి కూర్చున్నాడు. కొట్టు మూసినా చేతులు ఊరుకోవు. నన్ను చూసి మొహం ఇంత చేసుకుని, "రా అమ్మాయ్, విన్నావా? ఎంత నీట్‌గా చేశాడు చూశావా పిల్లోడు!" అన్నాడు.

"శ్రుతి తీసెయ్యమని నువ్వు చెప్పావా?"

"గురగుర తీయమన్నా. శ్రుతి కాదు."

"రెండూ ఒకటే అని నీకు తెలీదా భాయ్?"

"కూర్చో ముందు. చాయ్ తాగు."

"నాకొద్దు చాయ్! నలభై ఏళ్ల తర్వాత ఇదా నువ్వు చేసేది? అన్నయ్యనో మాట అడగవా, నన్నో మాట అడగవా?"

భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనకి కోపం రావడం నేను జన్మలో రెండోసారో మూడోసారో చూడటం.

"అడిగితే మీ అన్న ఒప్పుకోడు. వాడికేం, థర్మల్లో ఆఫీసరు. మంగళగిరిలో ఆ పెద్దమనిషి మెకానిక్‌ని పిలిపించమంటారా అన్నది ఎవర్ని? మీ అన్ననా? నన్ను. అమ్మాయ్, నేను జీవితమంతా జనం సెట్లలో గురగుర తీసి బతికాను. గురగుర ఉందంటే సెట్టు బాగుపడలేదన్నమాట. ఇప్పుడు దేశదేశాలవాళ్లు వింటారంట ఈ రికార్డు. దాని మీద నా పేరుంటుంది, కింద రేడియో మెకానిక్ అని ఉంటుంది. పెట్టగానే గుర్రుమంటే? వీడూ ఒక మెకానిక్కేనా అనరా? చచ్చేలోపు ఒక్కసారైనా మన పాట గురగుర లేకుండా వినాలనుకున్నా. తప్పా అది?"

ఆటోలో గెలిచిన పోట్లాటలు ఒక్కటీ అక్కరకు రాలేదు. ఆ రోజు కృష్ణ దాటేదాకా ఆయన ఎందుకు మాట్లాడలేదో ఇన్నేళ్లకి అర్థమైంది. నా కోపం నీళ్లలో ఉప్పులా కరిగిపోయింది గానీ, నా పని మాత్రం అవ్వలేదు. కరిగిపోతే ఎలా? శుక్రవారం ముంచుకొస్తోంది.

"భాయ్, అన్నయ్యకి ఇది వినిపించి వస్తున్నాను."

"ఏమన్నాడు?"

"ఇంకా మొదలవలేదా అన్నాడు."

భాయ్‌కి అర్థం కాలేదు. అన్నయ్య తన చెవుల సంగతి ఆయనకి చెప్పలేదు కదా. ఫోన్‌లో భాయ్ ఏం మాట్లాడినా "ఆఁ, ఆఁ, అంతేరా, అంతేరా" అని పెట్టేస్తాడు. డాక్టరు చెప్పిందీ, ఆయన చూపించిన గీతా, మిగిలిందేమిటో, అంతా చెప్పాను. చెబుతుంటే భాయ్ స్క్రూడ్రైవర్‌ని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

"పూర్తిగా వినపడదా?"

"బొంగురువి వినిపిస్తాయి. గురగుర అయితే వినిపిస్తుంది."

"నాకు చెప్పలేదే వాడు" అన్నాడు. మళ్లీ, "నాకు చెప్పలేదు" అన్నాడు. తర్వాత ఫోన్ తీసి, కళ్లజోడు వెతుక్కుని, ఆ అబ్బాయికి చేశాడు. "బాబూ, నేను. ఆ గురగుర ఉంది చూడు, అది వెనక్కి పెట్టెయ్. మొత్తం. ఒక్క చుక్క కూడా తగ్గించకు. ఆఁ, నేనే చెప్తున్నా. పాటెక్కడైనా కిందికి జారితే దాన్నీ ముట్టుకోకు. నా పేరు కింద ఏం రాస్తావో నీ ఇష్టం" అని పెట్టేశాడు. నా వైపు చూడకుండా మళ్లీ రేడియో మీదికి వంగాడు. నేను చాయ్ అడిగి మరీ తాగాను.

ఆ రెండు రోజులూ ఎలా గడిచాయో చెప్పలేను. బెంగళూరు అబ్బాయికి ఫోన్ చేస్తే, "చేస్తున్నాను మేడమ్" అంటాడు. పెట్టేసి మళ్లీ చేస్తాను. కూర గిన్నె మాడబెట్టాను, మా ఆయన బయట తిన్నాడు. ఈలోగా అన్నయ్యకి జలుబు చేసిందని వదిన ఫోన్ చేస్తే, జలుబుకి ఆ మిగిలిన చెవి కూడా మూసుకుపోతుందేమోనని హడలిపోయాను. "ఆవిరి పట్టించు వదినా, వెంటనే పట్టించు" అని ఫోన్లోనే కేకలేశాను. గురువారం పొద్దున్న ఫైలు వచ్చింది. "ఉన్నది ఉన్నట్టు పెట్టాను అమ్మా, రేపు ఉదయంలోగా ఫైనల్ చెప్పండి" అని రాశాడు. మేడమ్ పోయి అమ్మ అయింది. బస్సులో వినలేదు. అన్నయ్య కంటే ముందు నేను వినకూడదనుకున్నాను.

అన్నయ్య వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని గోరుచిక్కుడుకాయలు తుంచుతున్నాడు. హెడ్‌ఫోన్లు చూసి, "మళ్లీనా?" అన్నాడు. చేతులు తుడుచుకుని, నామీద జాలితో పెట్టుకున్నాడు. మళ్లీ కాయ అందుకున్నాడు. నేను నొక్కాను.

తుంచుతున్న కాయ చేతిలోనే ఆగిపోయింది.

తల ఎత్తలేదు. తర్వాత, వినపడనివాళ్లు మాట్లాడినట్టు గట్టిగా, "ఇదీ! ఇదీ!" అన్నాడు. పొయ్యి దగ్గర్నుంచి వదిన పరిగెత్తుకొచ్చింది. "ఎండాకాలందే ఇది. మోటార్లన్నీ ఆడుతున్నాయి, చూడు ఎంత కిందుందో" అని నవ్వాడు. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారి మీసంలోకి దిగాయి, తుడుచుకోలేదు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. చిన్నపిల్లలా వదిన చెయ్యి పట్టుకుని ఊపేశాను. డాక్టరు గీతని గెలిచాను, శుక్రవారాన్ని గెలిచాను, ఇంకేం కావాలి నాకు!

కాసేపయ్యాక అన్నయ్య చూపుడువేలు ఎత్తి నావైపు చూపించాడు.

"ఇక్కడే కదే నువ్వు రావాలి?"

ఫోను వంక చూశాను. నేను వచ్చి అప్పటికే చాలాసేపయింది. హెడ్‌ఫోన్ల బయటికి నా కూత సన్నగా వినిపిస్తోంది. ఆయన వేలు ఎత్తి, ఇంకా ఎదురుచూస్తున్నాడు.

"ఏదీ నీది?"

నోటికొచ్చిన అబద్ధం చెప్పేశాను. "ఇందులో నాది లేదన్నయ్యా! తీసేశారు!"

అన్నయ్య మొహం ఎర్రబడిపోయింది. "తీసేశారా? ఎవడు తీసింది? నీది లేకుండా రికార్డేంటి? చెయ్ వాడికి ఫోను! నేనొప్పుకోనని చెప్పు. సంతకం వెనక్కిచ్చెయ్యమను!" అని చేటలో కాయలన్నీ చెదిరిపోయేలా లేచాడు. "నువ్వెలా ఊరుకున్నావే? ఊరికే అందరి మీదా పడి అరుస్తావు, నీకోసం నువ్వు అరవలేవా?"

వదిన నన్ను చూసింది. ఆవిడకీ వినిపిస్తోంది కదా.

ఇంక దాచడం నావల్ల కాలేదు. దగ్గరికి వెళ్లి భుజం పట్టుకుని, నా పెదాలు కనపడేలా నిలబడ్డాను. "ఉందన్నయ్యా. నాది ఉంది. ఇప్పుడూ మోగుతోంది."

నా నోటి వంకే చూశాడు. రెండోసారి అడగలేదు. చేతులు మెల్లగా కిందికి దిగాయి, మళ్లీ పీట మీద కూర్చున్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నాకు ఆ క్షణంలో బెంగళూరు మీదా, భాయ్ మీదా, డాక్టరు మీదా, ఎవరి మీదా కోపం లేదు. కోపం లేకపోతే ఎలా నిలబడాలో నాకు తెలియలేదు.

కాసేపటికి అన్నయ్య ఒకవైపు హెడ్‌ఫోను చెవి మీంచి పక్కకి జరిపాడు. ఆ చెవిని నావైపు తిప్పాడు. రెండోది అలాగే ఉంచుకున్నాడు.

"అయితే చెప్పు. ఎలా పోతోంది నీది?"

కింద కూర్చుని, ఆ చెవికి నోరు ఆనించి అరిచాను. "పైకి పోతోంది!"

"తర్వాత?"

"ఇంకా పైకి పోయింది!"

తలూపాడు. "ఇక్కడ నాది దిగింది. నువ్వు దిగావా?"

"దిగలేదు! అక్కడే నిలబడ్డాను!"

"మంచిపని చేశావు. తర్వాత?"

"అక్కడే ఉంది! వణుకుతోంది!"

"ఏది వణుకుతోంది, నువ్వా, రేడియోనా?" అన్నాడు.

"రెండూ అన్నయ్యా" అని ఆయన చెవిలో అరిచాను.